ఒక్క గోల్ తక్కువ

మొన్న మేడ్చల్‌లో మా ఆడపడుచు మనవరాలి పెళ్లికి వెళ్లి, భోజనాల దగ్గర కుర్చీ ఖాళీ అయితే కూర్చుందామని నిలబడి ఉంటే, పట్టుచీర కట్టుకున్న ఒకామె జనంలోంచి దారి చేసుకుంటూ వచ్చి నా చేయి పట్టుకుంది.

"గుర్తువట్టిండ్రా టీచర్?" అని అడిగింది.

నాకు ముఖం గుర్తుకు రాలేదు. ఈ వయసులో ముఖాలు అంత త్వరగా గుర్తుకు రావు, చదువుతున్న మీలో చాలామందికీ అదే అనుభవం అయి ఉంటుంది. అయితే నా అరచేతిలో ఉన్న ఆమె చిటికెన వేలు మిగతా వేళ్లతో కలవకుండా బయటికి వంగి ఉంది. ఆ వేలు తగలగానే ముఖంతో పని లేకపోయింది. అది మా గోల్‌కీపర్ చేయి. ఇద్దరం అక్కడే, వడ్డించేవాళ్లకు అడ్డంగా నిలబడి, ఒకరినొకరు చూసుకుని నవ్వుకున్నాం.

నాకు మొదటి ఉద్యోగం శామీర్‌పేట వైపు ఒక ఆడపిల్లల హైస్కూల్లో, ఆటల టీచరుగా. పెళ్లయిన కొత్త. అత్తవారిల్లు మేడ్చల్. పొద్దున్నే బస్సెక్కితే రోడ్డుకు రెండు వైపులా ద్రాక్ష తోటలు కనిపించేవి, కాపు కాలంలో అయితే కిటికీలోంచి ఆ పండ్ల పులిసిన వాసన బస్సులోకి వచ్చేది. ఇప్పుడు ఆ దారిన వెళ్తుంటే ఏ తోట ఎక్కడ ఉండేదో నేనే తేల్చుకోలేకపోతున్నాను, సరే, ఆ సంగతి వదిలేద్దాం. నేను చదువుకునే రోజుల్లో ఖోఖో ఆడిన దాన్ని. ఫుట్‌బాల్ అంటే మా అన్న బొల్లారంలో ఆడి, మోకాళ్లు చెక్కుకుని ఇంటికి రావడమే తెలుసు. కానీ నాకంటే ముందున్న టీచరు ఆ స్కూల్లో ఫుట్‌బాల్ జట్టును తయారుచేసి, ఎక్కడికో బదిలీ అయిపోయారు. అతుకులు వేసిన ఒక తోలు బంతి, గోల్‌పోస్టులుగా పాతిన వెదురు బొంగులు, సరిగ్గా పదకొండు మంది పిల్లలు, ఇవీ నాకు అప్పగించినవి.

ఆ పిల్లలు ఓడిపోయేవాళ్లు. మామూలుగా కాదు. సగం ఆట కాగానే ఎదుటి జట్టువాళ్లు తమ మంచి పిల్లలను కూర్చోబెట్టి, ఎప్పుడూ ఆడనివాళ్లకు అలవాటు కావాలని మా మీదికి దింపేవారు. అలా దింపినవాళ్లు కూడా మా మీద గోల్ కొట్టేవాళ్లు. తిరుగు బస్సులో మా పిల్లలు ఒకరి ముఖం ఒకరు చూసుకోకుండా కిటికీల వైపు తిరిగి కూర్చునేవాళ్లు. హెడ్మాస్టరుగారు మంచివారే, ఎప్పుడూ గట్టిగా మాట్లాడలేదు. కానీ ఆ ఏడాదితో ఫుట్‌బాల్ ఆపేసి ఖోఖో పెట్టుకుందామని, నాకూ అదే సులువవుతుందని నెమ్మదిగా చెప్పారు.

అదే వారంలో గోల్‌కీపర్ తండ్రి స్కూలుకు వచ్చాడు. వాళ్లది లాల్‌గడి మలక్‌పేట్. ద్రాక్ష తోట, పొలం, పాడి ఉన్న ఇల్లు. ఊళ్లో మాట చెల్లే మనిషి. తలపాగా తీసి బల్ల మీద పెట్టి, కోపం లేకుండానే చెప్పాడు.

"గెలుసుడు ఓడుడు ఆటల ఉంటది, నాకెరికే టీచరమ్మా. గని ఎప్పటికి ఓడుడేనాయె. చాయ్ హోటల్ కాడ కూసుంటే, ఇయ్యాల మీ బిడ్డ ఎన్ని గోల్లు తిన్నదని అడుగుతుండ్రు. ఇగ పంప. బడి అయినంక ఇంటికొస్తది, గంతే."

ఆ అమ్మాయి తలుపు బయటే నిలబడి ఉంది. ఏడవలేదు, బతిమాలలేదు. బడి, ఇల్లు తప్ప ఇంకో చోటికి వెళ్లడం ఆమెకు ఈ ఆట వల్లే దొరికింది. ఇప్పుడది కూడా పోతుందని తెలిసి, వినపడనట్టు నేల చూస్తూ నిలబడింది. 

"వచ్చే పోటీల దాంక ఆగుండ్రి. మార్పు కనవడకపోతే నేనే మీ ఇంటికొచ్చి, పంపొద్దని చెప్త," అన్నాను. ఏ ధైర్యంతో అన్నానో ఇప్పటికీ తెలియదు. ఆయన తలపాగా చుట్టుకుంటూ, సరేనన్నట్టు తలూపి వెళ్లాడు.

ఆ ఆదివారం అన్న వస్తే ఇదంతా చెప్పుకుని బాధపడ్డాను. వాళ్లను గెలిపించే దారేదైనా చెప్పమన్నాను. అన్న అన్నం కలుపుకుంటూ తలెత్తకుండానే, "గెలుసుడు మర్శిపో చెల్లె. వచ్చే ఆటల ఒక్క గోల్ తక్కువ తినుండ్రి. అటెన్క ఇంకోటి తక్కువ," అన్నాడు. చెల్లెలి పరేషానీని అంత తేలిగ్గా తీసిపారేశాడని ఆ పూట నాకు కోపం కూడా వచ్చింది. కానీ మర్నాడు మైదానంలో నిలబడి ఆలోచిస్తే, పిల్లలను గెలవమని చెప్పడం కంటే ఈ మాట చెప్పడం ఎంతో సులువనిపించింది.

ఒక్క గోల్ ఎక్కడ తగ్గించవచ్చో వెతకాలంటే ముందు చూడాలి. అప్పటిదాకా నేను బంతిని చూసేదాన్ని, ఆ రోజు నుంచి పిల్లలను చూడడం మొదలుపెట్టాను. మొదట కంటపడింది ఏమిటంటే, వాళ్లు ఒక చేత్తో పరుగెత్తుతున్నారు. రెండో చేయి స్కర్టు అంచును పట్టుకునే ఉంటుంది. గాలికి లేస్తుందేమో, మైదానం పక్కన చెరువు గట్టు మీది వాళ్లు చూస్తారేమో అని ఆ భయం వాళ్లది, ఆ వయసులో మనందరిదీ. ఇంటికి వెళ్లి మా అత్తగారికి చెప్పాను. జాకెట్లు కుట్టుకునే మిషను మీద ఇవేం పనులని సణుగుతూనే, స్టోరు గదిలో ఉన్న పాత తెరల గుడ్డ తీసి, స్కర్టు కింద వేసుకునేలా అందరికీ పైజామాలు కుట్టి ఇచ్చింది. రంగులు కలవలేదు, పొడవులు కలవలేదు. కానీ అవి వేసుకున్న సాయంత్రం వాళ్లు రెండు చేతులూ ఊపుకుంటూ పరుగెత్తుతుంటే ఇంతకాలం వీళ్లకు ఇంత వేగం ఉందని ఎవరూ చూడలేదు కదా అనిపించింది.

తర్వాత త్రో సంగతి. గీత దాటిన బంతిని లోపలికి విసిరేటప్పుడు మా పిల్లలు ఒక కాలు లేపేసేవాళ్లు, ఈల మోగేది, బంతి అవతలివాళ్ల చేతికి పోయేది. ఏ ఆటలోనైనా ఇలా ఊరికే పోగొట్టుకున్న బంతులే సగం. ప్రార్థనకు ముందు రోజూ గోడ దగ్గర నిలబెట్టి, రెండు పాదాలూ నేలకు ఆనించి, బంతిని తల వెనుక నుంచి విసిరించేదాన్ని. చూసేవాళ్లకు అదేం ఆట అనిపించేది. సగం ఆటలో కడుపు నిండా ఐసు నీళ్లు తాగడం మాన్పించి, ఉప్పు వేసిన నిమ్మనీళ్లు గుక్క గుక్కగా ఇప్పించాను. పొద్దుటి పోటీలకు ఖాళీ కడుపుతో వచ్చే పిల్లలకు మా ఇంట్లో పోపు వేసిన అటుకులు డబ్బాలో పట్టుకెళ్లేదాన్ని. వీటిలో ఏ ఒక్కటీ గొప్ప విషయం కాదు.

అన్నిటికంటే కష్టమైంది గోల్‌కీపర్ నోరు. మైదానమంతా కనిపించేది ఆమె ఒక్కదానికే. వెనకాల ఎవరు వస్తున్నారో, ఎవరు ఖాళీగా ఉన్నారో ఆమె చెప్తేనే ముందున్నవాళ్లకు తెలుస్తుంది. ఆమె చెప్పేది కాదు. పెద్దవాళ్ల ముందు గొంతు లేపకూడదని పెరిగిన పిల్ల, ఎంత అరవమన్నా పెదవులు కదిలేవి గానీ మాట బయటికి వచ్చేది కాదు. ఒకనాడు ఆమె అవ్వ సద్ది గిన్నె ఇవ్వడానికి వచ్చి, గట్టు మీద కూర్చుని మా అవస్థంతా చూసింది. చూసి చూసి అక్కడి నుంచే కేకేసింది.

"ఇంటికాడ బర్రెలను పిలిస్తే ఊరంత ఇనవడ్తది గదనే! ఈడ నోరేడ వాయె? గట్లనే పిలువు, గీళ్లు మాత్రం బర్రెల కంటె ఎక్కువనా?"

మిగతా పదిమందీ పగలబడి నవ్వారు. ఆ అమ్మాయి కూడా సిగ్గుపడుతూ నవ్వింది. ఆ నవ్వులోనే మొదటిసారి "ఎనక చూడు!" అని ఆమె అరవగా విన్నాను. చెరువు అవతలి గట్టు దాకా వినిపించే గొంతు అది. అంతకాలం ఎక్కడ దాచుకుందో!

అయినా వెంటనే గెలవలేదు. తర్వాతి ఆట కూడా ఓడాం, కాకపోతే అన్న చెప్పినట్టు తక్కువ గోల్స్‌తో. ఆ తర్వాతి దాంట్లో ఇంకాస్త తక్కువ. తిరుగు బస్సులో పిల్లలు కిటికీల వైపు కాకుండా ఒకరి వైపు ఒకరు తిరిగి, ఎక్కడ ఏం జరిగిందో వాదించుకుంటున్నారు. ఆ గోలకు కండక్టరు విసుక్కుంటే నాకు మాత్రం చెవులకు ఇంపుగా ఉండేది. అయితే ఒక జబ్బు మిగిలిపోయింది. మా మీద ఒక గోల్ పడగానే రెండోది వెంటనే పడేది. ఎందుకంటే మొదటిది పడగానే అందరూ ఎడమవైపు ఆడే పిల్ల మీద పడేవాళ్లు. అక్కడి నుంచే ఎక్కువగా బంతి దాటి వచ్చేది మరి. ఆమె ఏడుపు ఆపుకుంటూ ఆడేది, ఆ కన్నీళ్లలో బంతి మళ్లీ దాటిపోయేది. నేను ఎంత చెప్పినా మార్పు రాలేదు. దానికి మందు నా దగ్గర దొరకలేదు. ఒక ఆటలో అలాగే గోల్ పడితే, మా గోల్‌కీపర్ వలలోంచి బంతి తీసుకుని నేరుగా ఆ ఏడుస్తున్న పిల్ల దగ్గరికి నడిచి, బంతి ఆమె చేతుల్లో పెట్టింది.

"నువ్వే వెట్టు నడిమిట్ల. నువ్వే తన్ను," అంది.

మళ్లీ ఆట మొదలుపెట్టే ఆ మొదటి తన్ను, ఎప్పుడూ వెనకాల ఉండే ఆ పిల్ల తన్నింది. ఆ రోజు వెంటనే రెండో గోల్ పడలేదు. అప్పటి నుంచి అదే మా జట్టు పద్ధతి అయిపోయింది. ఎవరి వల్ల గోల్ పడితే వాళ్లే బంతిని నడిమికి తీసుకెళ్లాలి, వాళ్లే తన్నాలి, ఎవరూ ఒక్క మాట అనకూడదు.

పోటీలు వచ్చాయి. మేడ్చల్ మైదానంలో మొదటి ఆటే, అంతకుముందు సగం ఆట కాగానే మా మీదికి కొత్తవాళ్లను దింపిన జట్టుతో. ఆట మొదలైన కాసేపటికి రోడ్డు పక్కన ఒక ట్రాక్టరు ఆగింది. నగరానికి ద్రాక్ష బుట్టలు వేసుకుని వెళ్తున్న గోల్‌కీపర్ తండ్రి దిగి, నా పక్కకు వచ్చి చేతులు కట్టుకుని నిలబడ్డాడు.   మైదానంలోంచి కేకలు వినిపిస్తున్నాయి, ఎడమకు పొమ్మని, నాది నాది అని.

"గది మా పిల్ల గొంతేనా?" అని అడిగాడు కాసేపటికి.

"అవును," అన్నాను.  ఆయన ట్రాక్టరు దగ్గరికి తిరిగి వెళ్లలేదు.

మా గోల్ త్రో లోంచే వచ్చింది. రెండు పాదాలూ నేల మీద ఉంచి మా పిల్ల విసిరిన బంతి, గుంపులో ఎవరి మోకాలికో తగిలి గోల్‌పోస్టుల మధ్యకు దొర్లింది. మా పిల్లలకు ఆనందపడడం కూడా అలవాటు లేదు, ఇప్పుడేం చేయాలన్నట్టు నా వైపు చూశారు. అక్కడి నుంచి ఎదుటివాళ్లు ఊపిరి తిప్పుకోనివ్వలేదు. చివర్లో వాళ్ల పొడుగు పిల్ల ఎదురుగా నిలబడి కొట్టిన బంతికి మా గోల్‌కీపర్ అడ్డంగా దూకింది. బంతి ఆగింది. ఆమె లేచి, ముందుకు పొమ్మని అందరినీ గద్దిస్తూ బంతి విసిరేసింది. చేయి వెనక్కి దాచుకోవడం మాత్రం నేను చూశాను. ఈల మోగింది. గెలిచాం. పిల్లలు ఒకరి మీద ఒకరు పడి ఏడుస్తున్నారు, ఈసారి ఏడుపు వేరు.

తండ్రి నేరుగా బిడ్డ దగ్గరికి వెళ్లి, దాచిన చేయి ముందుకు లాగి చూశాడు. చిటికెన వేలు అప్పటికే వాచి పక్కకు తిరిగి ఉంది. ఇగ అయిపోయింది, ఇంటికి తీసుకెళ్లిపోతాడు, మళ్లీ పంపడు అనుకున్నాను. ఆయన భుజం మీది తువ్వాల అంచు చింపి, పక్క వేలితో కలిపి జాగ్రత్తగా కట్టాడు. దవాఖానకు తీసుకెళ్లడానికి ట్రాక్టరు మీద కూర్చోబెట్టుకుని, ఇంజను మోతలోంచి నా వైపు వంగి అడిగాడు.

"టీచరమ్మా, మల్ల ఆటెప్పుడు?"

ఆ తర్వాతి ఆట, ఉన్న పదిమందిలోనే ఒకరిని గోల్‌లో నిలబెట్టి ఆడి, ఓడిపోయాం. ఒక్క గోల్ తేడాతో. మా గోల్‌కీపర్ కట్టు కట్టిన చేత్తో గట్టు మీద అవ్వ పక్కన కూర్చుని అక్కడి నుంచే అరిచింది. ఖోఖో మాట హెడ్మాస్టరుగారు మళ్లీ ఎత్తలేదు. ఆ అమ్మాయి పదో తరగతి దాకా ఆడింది, ఆ పైన కాలేజీకి మేడ్చల్ దాకా రోజూ బస్సులో వెళ్లింది. ఆ వేలు మాత్రం సరిగ్గా కూడలేదు. ఎడమవైపు ఆడిన పిల్ల సూరారంలో ఉందని, కుట్టుపని చేయించే దుకాణం పెట్టి, మనుషులను పెట్టుకుని నడుపుతోందని ఇప్పుడు పెళ్లిలో తెలిసింది. మిగిలిన తొమ్మిది మంది పేర్లూ ఇద్దరం కలిసి గుర్తుచేసుకున్నాం. ఎవరి ఇల్లు ఏ ఊరో, ఎవరి అమ్మ ఏం పంపేదో, ఎవరు బస్సులో వాంతి చేసుకునేవాళ్లో అన్నీ వచ్చాయి.

ఇప్పుడు మా మనవరాలు పేట్ బషీరాబాద్‌లో ఒక అకాడమీకి వెళ్లి ఫుట్‌బాల్ నేర్చుకుంటోంది. పచ్చని తివాచీ లాంటి నేల, రంగురంగుల బూట్లు, కాళ్లకు కవచాలు. పడినా మోకాలు చెక్కుకోదు. ఆడపిల్లలు గొంతెత్తి అరుస్తుంటే ఎవరూ తలతిప్పి చూడరు. నాకు ఇదంతా నిజంగానే సంతోషం, మా కాలమే గొప్పదని నేనెప్పుడూ అనను. కాకపోతే మాకు మార్చుకోవడానికి ఇంకో పిల్ల ఉండేది కాదు. ఉన్నవాళ్లు బాగుపడేదాకా ఆగడం తప్ప వేరే దారి లేక ఆగాం. ఆగినన్నాళ్లూ ఒకరికొకరం తెలిశాం. కిందటి నెలలో మనవరాలి ఆట చూడ్డానికి వెళ్తే, ఎడమవైపు ఒక పిల్ల మాటిమాటికీ బంతి వదిలేస్తూ, ప్రతిసారీ తప్పయిందన్నట్టు చేతులెత్తుతూ కనిపించింది. మరో వారం వెళ్తే అక్కడ వేరే అమ్మాయి ఉంది. మొన్నటి పిల్ల ఏదని అడిగాను. ఓడిపోతున్నామని మార్చేశారట. ఆమె పేరేమిటని అడిగితే మా మనవరాలు బూటు లేసు విప్పుకుంటూ కాసేపు ఆలోచించి, తెలియదంది.