మా పుర్రెల మేడం

మా జువాలజీ మేడం పోయారని సోమవారం పొద్దున మెహరున్నీసా అక్క ఫోన్ చేసి చెప్పింది. ఉరవకొండలో అక్కది మేడం పక్కిల్లు. "నిద్రలోనే పోయినాదమ్మా. నిన్న సాయంత్రం గంజి తాగి, గ్లాసు తానే కడిగి బోర్లించింది" అంది. ఆ మాటతో నా ఏడుపు కాస్త తేలికైంది.

జూనియర్ కాలేజీలో మేడం దగ్గర చదివినవాళ్లెవరూ ఆమెను అసలు పేరుతో తలచుకోరు. అందరికీ ఆమె పుర్రెల మేడమే. పుస్తకాల్లో బొమ్మలు చూసి, ఆమె బంకమట్టితో చేసి, కుమ్మరి ఆవంలో కాల్పించిన పుర్రెలు ల్యాబు బల్ల మీద ఉండేవి. లక్షల ఏళ్ల కిందట ఆఫ్రికాలో తిరిగిన మన దూరపు చుట్టాలవి. అందులో ఒకదాన్ని చూస్తే మాకు భయం. పళ్లెంలాంటి ముఖం, లావు దవడ, మన వాటికి రెండింతలుండే దవడపళ్లు, నడినెత్తిన కోడిజుట్టులా లేచిన ఎముక గట్టు.

"ఆ గట్టు ఎందుకు మేడం?" అని అడిగాను.

"కణతల మీద చెయ్యి పెట్టుకోని నములు పాపా. కదుల్తాండాదా? అది నమిలే కండ. మనకి ఆడికే ఆగిపోతాది. వీనికి నడినెత్తి దాకా పోయి ఆ గట్టుకి అతుక్కోని ఉండాది. అంత నమలాల్సి వచ్చినాది వానికి."

క్లాసంతా కణతలు పట్టుకుని ఉత్త నోరు నములుతుంటే, వరండాలో పోతున్న ప్రిన్సిపాల్ కిటికీ దగ్గర ఆగి, ఏమీ అడగకుండానే వెళ్లిపోయారు.

"అయితే రాళ్లు గూడా నమిలేటోడేమో" అన్నారెవరో. మేడం తల అడ్డంగా ఊపారు. "ఏం తినగలడో దవడ చెప్తాది. ఏం తినినాడో పంటి మీది గీతలు చెప్తాయి. రెండూ ఒకటి కాదు." గట్టి గింజలు కొరికేవాడని చాలా కాలం అనుకున్నారట. తీరా గీతలు చూస్తే, కొన్నిచోట్ల వాళ్లు ఎక్కువగా గడ్డీ తుంగా నమిలినట్టుందట. అంత దవడ రోజూ తినే తిండికి కాదు, ఏమీ దొరకని నెలల కోసమని ఇంకొందరు అంటారట.

ఆ మాటకు మేమంతా తలలెత్తాం. మావన్నీ వాన కోసం ఆకాశం చూసే పల్లెలు. "మీ అవ్వల్ని అడిగి రాండి, కరువులో ఏం తినినారో" అన్నారు మేడం. మా అవ్వ నవ్వింది. "బతికుంటే బలుసాకు తినొచ్చు అంటారే. మేము నిజంగానే తినినాము." మర్నాడు మేడం ఆ మాటను అవ్వ అన్నది అన్నట్టే బోర్డు మీద రాశారు. మా ఇంటి సంగతి కూడా చదువులో ఒక పాఠమేనని నాకు అప్పుడు తెలిసింది. నేను టీచరునవడానికి మొదటి కారణం అదేనేమో.

మేడం రిటైరైన కొద్ది రోజులకే కింది దవడలో కాన్సర్ అన్నారు. ఆపరేషన్ చేసి దవడలో ఒక పక్కంతా తీసేశారు. మిగిలిన పళ్లూ నిలవలేదు. ఆమె తలుపులు మూసుకున్నారు. నేను చూడబోయిన రోజు కొంగు నోటికి అడ్డం పెట్టుకుని గోడవైపు తిరిగి కూర్చున్నారు. మెహరున్నీసా అక్క రాగిసంగటిని మజ్జిగతో మిక్సీలో తిప్పి గ్లాసులో పోసి తెచ్చింది.

"ఇట్ల తాగేది గూడా ఒక బతుకేనా మెహరూ" అన్నారు మేడం. మాట ముద్దగా వచ్చింది.

"నమిలే పని మిక్సీ చేసినాది. మింగేదన్నా నువ్వు మింగు" అంది అక్క.

మేడం భుజాలు కదిలాయి. ఏడుస్తున్నారనుకున్నాను. నవ్వుతున్నారు. గ్లాసు ఖాళీ చేసి, నావైపు తిరిగి, కొంగు తీసి, ఒక పాఠం చెప్పారు. జార్జియా దేశంలో లక్షల ఏళ్ల నాటి పుర్రె ఒకటి దొరికిందట. దాదాపు పళ్లన్నీ ఊడిపోయాయి, పళ్ల గుంతలు ఎముకతో పూడిపోయాయి. అంటే పళ్లు పోయాక కూడా ఆ మనిషి చాన్నాళ్లు బతికాడు.

"ఎవరన్నా నూరి పెట్టినారా మేడం?"

"పెట్టినారని కొందరంటారు. మెత్తటివి తానే ఏరుకోని తినింటాడని కొందరు. సరిగ్గా తెలీదు పాపా. బతికినాడని మాత్రం తెలుసు."

ఆ నెలలోనే మా ప్రాథమిక పాఠశాలకు వచ్చి పిల్లలకు ఆ కథ చెప్పారు. మొదట వాళ్లకు ఆమె మాట అర్థం కాలేదు. మూడో తరగతి పిల్ల ఒకతి, "నీ నోరు ఏమాయ అవ్వా?" అనేసింది. మేడం వంగి, నోరు తెరిచి చూపించారు. పిల్లలు చుట్టూ మూగారు. ఆ తర్వాత ఆమె చెప్పిన ఒక్క మాటా వాళ్లు వదల్లేదు. ఆపైన ఏళ్ల తరబడి వస్తూనే ఉన్నారు.

అంత్యక్రియల మర్నాడు బడికి వెళ్లాను. మధ్యాహ్నం అన్నాలయ్యాక చిక్కీలు పంచాం. వరండా పొడుగునా కరకరమని కొరుకుతున్న చప్పుడు. ముందుపళ్లు ఊడిన ఒకటో తరగతి పిల్ల తన చిక్కీని చేతిలో పెట్టుకుని చూస్తూ ఉంది. పక్కన కూర్చున్న పిల్ల దాన్ని తీసుకుని, కాగితంలో చుట్టి, రాయితో చితక్కొట్టి, ఆ పొడిని పళ్లూడిన పిల్ల దోసిట్లో పోసింది. ఇద్దరూ ఎండలో కాళ్లు చాపుకుని తింటూ కూర్చున్నారు.