నా రిసెప్షన్‌లో నాలుగు డబుల్ బేసులు

నా పెళ్ళి రిసెప్షన్‌ను నేనే చేతులారా ఎలా తగలబెట్టుకున్నానో చెబుతాను. అందుకు శత్రువులెవరూ అక్కర్లేకపోయింది. నా తెలివి చాలింది.

అప్పట్లో వెల్లూరులో మేం నలుగురం డబుల్ బేస్ వాయించేవాళ్ళం. చూడనివాళ్ళ కోసం చెబుతున్నాను, అది మనిషికంటే ఎత్తుండే వయొలిన్. పక్కన నిలబడి, దున్నపోతుకు గడ్డం గీస్తున్నట్టు తీగల మీద కమాను లాగాలి. దాని గొంతు బావి అడుగు నుంచి వస్తుంది. "ఒక మామూలు వయొలిన్‌ను కూడా చేర్చుకుందాంరా" అని మిగతావాళ్ళు బతిమాలితే, "పైస్వరాలు పామరుల కోసం" అని తీర్పిచ్చిన మేధావిని నేనే.

కాబోయే మామగారు గుడియాత్తంలో మగ్గాలు నడిపే పెద్దమనిషి. పాపం, ముందే అడిగారు.

"మేళం చెప్పేస్తాను నాయనా. మంచోళ్ళుండారు."

"వద్దు మామా. మేం నలుగురం ఛాంబర్ మ్యూజిక్ వాయిస్తాం."

"చాంబరా? మనం తీసుకునింది మండపం గదప్పా!"

ఛాంబర్ మ్యూజిక్ అంటే కొద్దిమంది కలిసి వాయించే పాశ్చాత్య సంగీతమని తెలియని ఆయన అజ్ఞానానికి జాలిపడి నవ్వాను. ఆ నవ్వు తలుచుకుంటే ఇప్పటికీ నా చెంప నేనే వాయించుకోవాలనిపిస్తుంది. మైకు కూడా వద్దన్నాను. అసలైన కళకు మైకెందుకు?

పెళ్ళికి ముందురోజు సాయంత్రం రిసెప్షన్. పెళ్ళికూతుర్ని వేదిక మీద ఒంటరిగా వదిలేసి, సూటు వేసుకున్న పెళ్ళికొడుకు మూలకెళ్ళి బేస్ పట్టుకున్నాడు. బాగా లోతైన, బాగా నిదానమైన ముక్క ఎత్తుకున్నాం. జనం కబుర్లలో ఉన్నారు. అంతలో కరెంటు పోయింది. మండపమంతా చీకటి. మేం ఆపుతామా? కళాకారులం కదా!

"జనరేటర్ ఏసినట్టుండారే, లైటు యాడ?" ఎవరో అరిచారు.

"సద్దు వస్తా ఉండాది గదా! వైరు ఊడిపోయుంటాది, చూడండప్పా!"

ఎలక్ట్రీషియన్ పరుగెత్తుకొచ్చాడు. "నేనింకా ఏయనే లేదన్నా!"

"అబద్ధం చెప్పొద్దురా. మాకు చెవుల్లేవా?"

నాకేమో ఆ కలకలమంతా మా సంగీతానికి దక్కిన స్పందనలా తోచింది. "ఇంకాస్త గట్టిగా లాగండ్రా" అని పక్కవాళ్ళ చెవిలో ఊదాను. వాళ్ళూ లాగారు.

"రిపేరైనట్టుండాది, ఎట్ల మూలగతా ఉండాదో!" ఈసారి మామగారి గొంతు. "డీజిలు ఊరికే పోతా ఉండాది. ముందు దాన్ని ఆపండప్పా, పిల్లోళ్ళు బెదురుకుంటా ఉండారు!"

అప్పుడే కరెంటు వచ్చింది. చప్పుడు ఎటునుంచా అని వెతుకుతున్న తలలన్నీ ఒక్కసారిగా మా మూలకు తిరిగాయి. కళ్ళు మూసుకుని, తన్మయత్వంతో ఊగిపోతూ, కమాను లాగుతున్న పెళ్ళికొడుకు అందరికీ దర్శనమిచ్చాడు. మామగారు దగ్గరికొచ్చి, చాలా మెల్లగా అడిగారు.

"ఇంతసేపూ నువ్వేనా నాయనా?"

మర్నాడు ముహూర్తంలో, హోమం ముందు కూర్చుని, పురోహితుడు చెప్పించినవి కాక సొంతంగా ఒక ప్రమాణం గొణిగాను. "ఈ జన్మలోనే కాదు, వచ్చే జన్మల్లో కూడా నలుగురున్న చోట ఆ బేసును ముట్టను."

పక్కన తల వంచుకుని కూర్చున్న పెళ్ళికూతురు పెదవి కదపకుండా అంది:

"ఇంట్లో కూడా అని చేర్చుకోండి."