మిరపసాళ్లలో హాజరు

సులోచన టీచర్ బాలికల హైస్కూల్లో ఇరవయ్యారేళ్లుగా లెక్కలు చెబుతోంది. ఏటా ఫిబ్రవరిలో మిరపకోతలు మొదలైతే పదో తరగతి వెనక బెంచీ ఖాళీ అవుతుంది. ఈసారి రానిది ముగ్గురు. రిటైరయ్యే వయసులో ఈ తిరుగుడేందని విసుక్కుంటూనే, మోకాళ్ల నొప్పితో తర్లుపాడు అవతలి చేను దాకా ఆటోలో పోయింది.

గట్టు మీద నిలబడి ముగ్గురి పేర్లూ పిలిచింది. ఎవరూ పలకలేదు. కాసేపటికి, కూలికొచ్చిన రూతమ్మ తన కూతురు సుప్రియను రెక్క పట్టుకుని తీసుకొచ్చింది.

“పద్దెనిమిదేళ్ల కింద నా కోసం గూడా ఇట్లనే వచ్చినారు మేడం. చెట్ల మధ్యన వంగి దాక్కున్నా. మీరు పిలిచి పిలిచి పోయినారు. దీన్ని మాత్రం దాక్కోనియ్యలేదు.”

టీచర్‌కు రూతమ్మ ముఖం గుర్తు రాలేదు. ఎన్ని చేలు తిరిగిందో, ఎంతమందిని పిలిచిందో. సుప్రియను ఆటో ఎక్కించి, ఆ చేతులతో కళ్లు నలుపుకోవద్దని చెప్పింది. తనూ ఎక్కబోతుంటే, గాలి లేకుండానే అవతలి సాల్లో రెండు మిరపచెట్లు కదిలినాయి.

టీచర్ కుచ్చిళ్లు ఎత్తి దోపుకుని గట్టు దిగింది.