సిస్టరమ్మ పెంచిన సరస్వతాకు

మొన్న పొద్దున మా నల్లగండ్ల అపార్టుమెంటు వాట్సాప్ గ్రూపులో, నీళ్ల ట్యాంకరు ఆలస్యమవుతుందన్న కబురు కిందే సిస్టరమ్మ పోయిందన్న కబురు వచ్చింది. దాని కింద వరసగా దణ్ణం బొమ్మలు, ఆ తర్వాత మళ్లీ ట్యాంకరు గొడవ. ముందు నాకు ఒళ్లు మండింది, తర్వాత ఏడుపొచ్చింది. సర్కారు దవాఖానలో నర్సుగా చేసి రిటైరై, మా కింది ఫ్లాటులో ఉండేదామె. ఆమె గురించి నాలుగు మాటలు మీతో చెప్పుకోవాలి.

మా పార్కింగు స్లాబు మీద నాలుగు వేళ్ల మందాన మట్టి పోసి, బిల్డరు దానికి లాన్ అని పేరు పెట్టాడు. ఏటా ఎండలకు గడ్డి మాడిపోయేది. విసుగెత్తిన కమిటీ ప్లాస్టిక్ గడ్డి పరుద్దామంది. సిస్టరమ్మ ఒక్కతే అడ్డుపడి, నేలకు పాకే ఆకు తను పెంచుతానంది. వానలు తగ్గేలోగా నేలంతా ఆకు కమ్ముకోవాలి, జానెడు ఖాళీ కనబడినా ప్లాస్టిక్కే అన్నారు కమిటీవాళ్లు. సరేనని సరస్వతాకు తెచ్చి నాటింది.

"దీనికి లోతెందుకమ్మా? పైపైన్నే పాకుతది. జర తడి, జర నీడ ఉంటె సాలు," అనేది.

ఆ తీగకు కణుపు కణుపునా వేరు పుడుతుంది, కాకపోతే కణుపు మట్టిని అంటుకుని ఉండాలి. సిస్టరమ్మ గొంతుక్కూర్చుని, నరం కోసం వెతికినట్టు తీగను వేలితో తడిమి, కణుపు దగ్గర నొక్కేది. మాది గుంటూరు వైపు. ఆకు కాస్త గుబురవగానే పచ్చడికి కోసుకోనా అండీ అని అడిగాను. తొక్కు కోసం నా నేలను ఖాళీ చేస్తవా అని కసిరింది. మర్నాడు తనే గిన్నెడు తొక్కు నూరి పంపింది.

నొక్కిన తీగ లేచిపోకుండా కొప్పుకు పెట్టుకునే పిన్నులు గుచ్చేది. వీటికోసమే కొన్నదేమో అనుకున్నాను. ఒకరోజు ఆమె తలమీది కొంగు జారింది. మందులకు జుట్టంతా ఊడిపోయి ఉంది. జబ్బు సంగతి మాలో ఎవరికీ చెప్పనేలేదు. నేను బిత్తరపోయి చూస్తుంటే కొంగు సర్దుకుంది.

"ఈ పిన్నులు డబ్బల వెట్టి ఏంజేస్త బిడ్డా? ఏరు వట్టేదాక గీ తీగనన్న పట్టుకుంటయి. అందాక నేనుంటె సాలు."

ఉండలేదు. ఈ మాట రాయడానికి నాకు చెయ్యి రావడం లేదు.

నిన్న ఆమెను సాగనంపి వచ్చి, స్నానం చేసి, స్లాబు మీదికి వెళ్లాను. ఈ ఆదివారమే కమిటీ చూడడానికి వస్తుంది. నేలంతా పచ్చగా ఉంది, గోడవార జానెడు మేర తప్ప. ఒక తీగ అక్కడిదాకా వచ్చి, మట్టిని తాకకుండా పైకి లేచి ఉంది. గుచ్చడానికి పిన్ను లేదు. ఎక్కడైనా తెద్దామని కూడా తోచలేదు. అక్కడే కూర్చుని కణుపును తడిమట్టిలోకి అదిమి, బొటనవేలు దాని మీదే ఉంచాను. వాన మొదలైంది. పైఅంతస్తు నుంచి ఎవరో, తడుస్తున్నారు లోపలికి రండి అని కేకేశారు. నేను వేలు తీయలేదు.