మా మేడగదిలో పదకొండు సందులు

ఆ రోజుల్లో నాకు తెలియని విషయమంటూ ఉండేది కాదు. ఇరవై మూడేళ్ళ వయసు, కొత్త ఉద్యోగం. పొద్దున్నే కోవిల్‌పట్టిలో బస్సెక్కి విరుదునగర్ వెళ్ళి, ఇంటి అలంకరణ సామాన్లు అమ్మే ఒక దుకాణంలో వచ్చినవాళ్ళకు నేల పలకల నమూనాలు చూపించి, సాయంత్రం బస్సుకు తిరిగి వచ్చేదాన్ని. చేరి మూడు నెలలైనా కాకముందే ఎవరింటికి వెళ్ళినా తల వంచుకుని నడవడం అలవాటైంది. చూసినవాళ్ళు పిల్లకు ఎంత అణకువో అనుకునేవారు. నేను చూస్తున్నది వాళ్ళ నేల. వాళ్ళిచ్చిన కాఫీ తాగుతూనే, టైల్సు వంకరగా పరిచారనీ, ఆ రంగు ఇప్పుడెవరూ వాడటం లేదనీ చెప్పేసేదాన్ని. (ఆ ఏడు మా చుట్టాల్లో రెండు కుటుంబాలు మమ్మల్ని పిలవడం మానేశాయి. అమ్మ దానికి వేరే కారణాలు చెబుతుంది కానీ, నాకు తెలుసు.)

మా దుకాణం యజమానిని అందరూ అణ్ణాచ్చి, అంటే అన్నగారు, అనేవారు, నేనూ అలాగే పిలిచేదాన్ని. ఆయన గోడౌన్లో ఒక మూల టేకు రంగు చెక్క పలకల పెట్టెలు కొన్ని మిగిలిపోయి ఉండేవి. ఒక పెద్ద ఇంటికి చాలవు, పారేయడానికి మనసొప్పదు. ఆ పలకలను నేలకు అతికించనక్కర్లేదు, మేకులు కొట్టనక్కర్లేదు. పలచటి నురుగు షీటు పరిచి, ఒక పలక అంచును పక్క పలక గాడిలో దూర్చి నొక్కితే టక్కుమని పట్టుకుంటుంది. గదంతా అలా పరిస్తే చాప పరిచినట్టు మొత్తం ఒకే ముక్కగా, కింది నేలను అంటకుండా ఉంటుంది. తేలే నేల అంటారు దాన్ని. మా మేడగదిలో సిమెంటు నేల ఎండాకాలపు నల్లరేగడి చేనులా నెర్రెలు విచ్చి ఉంది కనుక, ఆ మిగులు పెట్టెలు నాకు ఇమ్మని అడిగాను. అణ్ణాచ్చి నామమాత్రపు ధరకు ఇచ్చేశాడు. ఇంట్లో నాయన మాత్రం, "చెక్క తరనా? మన ఎండకా?" అని ఒక్కసారి అడిగాడు. (తర అంటే నేల. తరతరాలుగా తమిళనాట ఉంటున్న మా ఇంటి తెలుగులో అలాగే అంటాం.) నేను మూడు నెలల అనుభవంతో ఆయనకు అరగంట పాఠం చెప్పాను. ఆయన మళ్ళీ అడగలేదు.

దుకాణం పనివాళ్ళు ఒక్కరోజులో గది పూర్తి చేశారు. ఆ వారమంతా మా ఇంట్లో తిరునాళ్ళే. పుదూరు నుంచి పెదనాయన కుటుంబం బస్సెక్కి వచ్చింది, చెప్పులు వీధిలోనే విడిచి, మెట్ల దగ్గర కాళ్ళు తుడుచుకుని మరీ పైకి ఎక్కింది. మా అవ్వ ఆ గదిలోకి పోయేముందు కాళ్ళు రెండుసార్లు కడుక్కునేది. నేను ఒక పక్కన నిలబడి, చేతులు కట్టుకుని, అందరి పొగడ్తలూ వింటూ, ఇందులో ఏముంది అన్నట్టు నవ్వేదాన్ని. ఆ నవ్వు ఎండాకాలం వచ్చేదాకా ఉంది.

మార్గళి చలిలో పరిచిన నేల చిత్తిరై ఎండలో విచ్చుకుంది. మొదట కనిపెట్టింది అవ్వ. వయసులో ఉన్నప్పుడు ఇంట్లో కూర్చుని అగ్గిపెట్టెల్లోకి పుల్లలు నింపిన చెయ్యి అది, కనుక అవ్వకు ఏ కొలతైనా పుల్లలతోనే. ఒకనాడు కిటికీ దగ్గర రెండు పలకల తలలు కలిసే చోట వేలు పెట్టి, ఇక్కడ ఇడుకు విడిచి ఉండాది, ఒక పుల్ల పట్టేటట్టు ఉండాది అన్నది. ఇడుకు అంటే సందు. అదేమీ లేదని నేను కొట్టిపారేశాను. పది రోజులకు రెండు పుల్లలు పట్టింది. నెల తిరిగేసరికి గదిలో పదకొండు చోట్ల సందులు. చీమలు వాటిలోంచి వరుస కట్టి, మా ఊరి పక్కన పోయే నాలుగు వరుసల రహదారి మీద లారీల్లా, రాకపోకలు సాగించాయి. పుదూరు పెదనాయన మళ్ళీ వస్తానంటే మేడమీద పెయింటు వేస్తున్నామని అబద్ధం చెప్పాం.

దుకాణంలో చెప్పడానికి సిగ్గు. అందుకని ఇంట్లోనే గుట్టుగా వైద్యం మొదలుపెట్టాను. వడ్రంగి దుకాణం నుంచి రంపపు పొట్టు తెచ్చి, తెల్లజిగురులో కలిపి ముద్ద చేసి, పదకొండు సందుల్లోనూ కూరి, పైన గుడ్డతో తుడిచాను. తడిగా ఉన్నప్పుడు చాలా అందంగా ఉంది. ఆరాక తెల్లబడింది. పొద్దున అవ్వ మెట్లెక్కి వచ్చి చాలాసేపు చూసి, "ఏమ్మే, చెక్క మీద ముగ్గు పెట్టినావా?" అని అడిగింది. వెక్కిరింత కాదు, నిజంగానే అడిగింది. ఆ ముద్ద కూడా వారం తిరక్కుండానే కాలి కింద పొడిపొడిగా రాలిపోయింది. తేలే నేల ఎండకు ముడుచుకుంటూ, తేమ తగిలితే సాగుతూ కదులుతూనే ఉంటుందనీ, కదిలే దాని మధ్య గట్టిపడేది ఏది కూరినా నిలవదనీ అప్పటికి నాకు తెలియదు. (పక్కవాళ్ళ నేలలకు వంకలు పెట్టడానికి ఆ సంగతి తెలియనక్కర్లేదు.)

ఇలా ఉండగా ఒక గురువారం మా దుకాణానికి విరుదునగర్‌లోనే ఉండే ఒక డాక్టరమ్మ వచ్చింది. కొత్తగా కట్టుకుంటున్న ఇంట్లో పై అంతస్తు మొత్తానికీ చెక్క నేల కావాలన్నది. మా దుకాణానికి అంత పెద్ద పని అప్పటిదాకా రాలేదు. కానీ ఆమె నమూనాల వైపు చూడనైనా లేదు. ఈ ఎండకు ఇవి విచ్చుకుంటాయని విన్నాననీ, ఒక ఎండాకాలం దాటిన నేల ఎవరింట్లోనైనా చూపిస్తేనే ముందుకు వెళ్దామనీ అన్నది. అణ్ణాచ్చి ముఖం వెలిగిపోయింది. నా వైపు చెయ్యి చూపించి, ఈ పిల్ల ఇంట్లోనే అలాంటి నేల ఉంది, ఈ ఆదివారం కాక పై ఆదివారం పదకొండు గంటలకు తీసుకెళ్తాను, మీరే చూడండి అన్నాడు. అప్పుడే నోరు తెరిచి నిజం చెప్పి ఉండవలసింది. నేను తల ఊపాను.

చేతిలో ఉన్నవి పది రోజులు. నాయన ఒక ఆశారిని పిలుచుకొచ్చాడు. ఆ వడ్రంగి గదిని ఒక చుట్టు చుట్టి, గోడ వెంబడి కొట్టిన పట్టీలన్నీ ఊడదీసి, గోడ దగ్గర నుంచి పలకలన్నీ విప్పి మళ్ళీ పరచాలన్నాడు. దానికి ఆయన చెప్పిన కూలి వింటే ఆ డబ్బుతో ఇంకో గదే పరచవచ్చు అనిపించింది. నాయన ఆయనకు టీ ఇప్పించి పంపేశాడు.

దారి దొరికింది బస్సులో. మరునాడు పొద్దున సాత్తూరు దగ్గర జనం విరగబడి ఎక్కారు. నేను వెనక మెట్టు మీద వేలాడుతున్నాను. ముందుకు జరగండి, లోపల ఎంత చోటుందో చూడండి అని కండక్టరు అరుస్తున్నాడు. మధ్యలో ఒక పెద్దాయన ఒక అడుగు ముందుకు జరిగాడు. ఆయన వెనక ఏర్పడిన ఖాళీలోకి ఇంకొకరు, ఆ వెనక ఖాళీలోకి మరొకరు, అలా జరిగి జరిగి చివరికి ఆ ఖాళీ నా ముందుకు వచ్చింది, నేను లోపలికి వచ్చాను. ఖాళీని ఎవరూ పూడ్చలేదు. అది మనుషుల మీదుగా ప్రయాణం చేసి తలుపు దగ్గరికి వచ్చింది, అంతే. నా సందులనూ పూడ్చనక్కర్లేదు, ఒక్కొక్క పలకనే జరుపుకుంటూ పోతే సందు గోడ దగ్గరికి చేరుతుంది, అక్కడ పట్టీ కింద ఎలాగూ వేలెడు ఖాళీ ఉంటుంది, అందులో కలిసిపోతుంది! విరుదునగర్ స్టాండు వచ్చినా దిగకుండా నిలబడిపోతే కండక్టరు వచ్చి తట్టి దింపాడు.

కానీ నున్నటి పలకను పట్టుకుని జరపడం ఎలా? పట్టుకోవడానికి దానికి ఏమీ లేదు. అరచేతులతో నెట్టాను, రబ్బరు చెప్పు కాలితో తన్నాను, పలక కదల్లేదు కానీ నేను రెండుసార్లు కింద పడ్డాను. అప్పుడు మా చిన్నమ్మ ఆదుకుంది. ఆమె రోజూ వ్యాన్‌లో శివకాశి వెళ్ళి ఒక ప్రెస్సులో పనిచేసేది. అచ్చు పలకలను యంత్రానికి అంటించడానికి రెండువైపులా జిగురుండే టేపు వాడతారట, వాడగా మిగిలిన ముక్కలను సూపర్‌వైజరును అడిగి తెచ్చిపెట్టింది. ఆ టేపును అమ్మ కూరలు తరిగే మందపాటి చెక్కకు అడుగున అంటించి, దాన్ని పలక మీద అదిమి నిలబెట్టి, అవ్వ ఇనప పచ్చడిబండకు నాయన తుండుగుడ్డ చుట్టి, చెక్క పక్కన ఒక్కటి వేశాను. పలక జరిగింది. వెంట్రుకవాసి జరిగింది కానీ, జరిగింది.

ఆ తర్వాత ఇక నన్ను పట్టుకునేవాళ్ళు లేరు. గదిలో ఒక చివర బరువైన ఇనప బీరువా కూర్చుని నేలను తొక్కిపట్టిందనీ, కదలలేకే అది బలహీనమైన చోట విచ్చుకుందనీ అర్థమై, నాయనా నేనూ దాన్ని పక్క గదిలోకి లాగాం. పిన్నీసుతో, పాత పళ్ళ బ్రష్షుతో సందుల్లోంచి నా పాత ముగ్గంతా గీకి తీశాను. రెండు పలకలూ ఇకపై కలిసే కదిలేలా, మూసేముందు గాడిలో ఒక్క చుక్క జిగురు పెట్టి, బండతో తట్టి, కొంచెం కొంచెంగా దగ్గరికి తెచ్చాను. పలక అంచులు కలిసేటప్పుడు ఒక చిన్న చప్పుడు వస్తుంది, ఆ చప్పుడు కోసం సాయంత్రం బస్సు దిగి ఇంటికి పరుగెత్తేదాన్ని. టేపు మరకలు కొబ్బరినూనెతో పోయాయి. అమ్మ ఆ రోజులన్నీ బెండకాయలు పళ్ళెంలో పెట్టుకుని తరుగుతూ, నా చెక్క ఎప్పుడు వస్తుందని రోజూ అడిగింది. అవ్వ కుర్చీలో కూర్చుని ఎన్ని మూశానో లెక్క చెప్పేది. శనివారానికి పది.

ఆదివారం పొద్దున పదకొండోది మూస్తున్నాను. ఇంకా పదే అయింది. పాత నైటీ, నెత్తిన తువ్వాలు, చేతిలో పచ్చడిబండ. కింద కారు ఆగింది. గంట ముందే వచ్చేశారు. అమ్మ కూరల చెక్క టేపుతో నేలకు అతుక్కుని ఉంది, లాగితే రాలేదు. ఏం చేయాలో తోచక దాని మీద జమఖానా పరిచేసి, బండను కిటికీ గట్టు మీద పెట్టి, పక్క గదిలోకి పరుగెత్తి చీర చుట్టుకుని వచ్చాను. గది మధ్యలో జమఖానా కింద పిల్లి పడుకున్నట్టు ఎత్తుగా ఉంది.

డాక్టరమ్మ చెప్పులు విడిచి గదంతా నడిచింది. అరికాలితో తడిమింది. కిటికీ దగ్గర వంగి చూసింది. అణ్ణాచ్చి గర్వంగా నిలబడ్డాడు. పరిచిన నాటి నుంచి ఒక్క సందు కూడా రాలేదని నేను తమిళంలో, బస్సులో వల్లెవేసుకున్న పాఠం అప్పజెప్పడం మొదలుపెట్టాను. మూల కుర్చీలో కూర్చున్న అవ్వ అమ్మ వైపు తిరిగి, బయటివాళ్ళకు తెలియదన్న ధైర్యంతో మా ఇంటి మాటలో గట్టిగానే అన్నది.

"ఎట్లా అబద్దం చెప్తా ఉండాదో చూడు. వారం నాళ్ళుగా మోకాళ్ళ మీద పాకి ఇడుకులు మూసినది మరిచిపోయినాదా?"

డాక్టరమ్మ మెల్లగా నిటారుగా లేచి, అవ్వ వైపు తిరిగింది.

"ఏ ఇడుకులు అవ్వా?"

ఆమె మాట అచ్చం మా ఇంటి మాటే. వాళ్ళది సాత్తూరు పక్కన మాలాంటి తెలుగువాళ్ళుండే పల్లె అని తర్వాత తెలిసింది. అవ్వ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. అమ్మ కాఫీ తెస్తానని మెట్లు దిగి వెళ్ళిపోయింది. అణ్ణాచ్చికి తెలుగు రాదు, ఆయన ఒక్కొక్కరి ముఖమే చూస్తున్నాడు. ఉద్యోగం పోయింది అనుకున్నాను. విచిత్రంగా, పోయిందనుకోగానే భయం కూడా పోయింది. నేనే వంగి జమఖానా లాగేశాను.

అణ్ణాచ్చికి అర్థం కావాలని తమిళంలోనే అంతా చెప్పాను. పదకొండు సందులు వచ్చాయనీ, సిగ్గుపడి దాచాననీ, బీరువా, ముగ్గు, బస్సు, అన్నీ చెప్పాను. పది మూశాను, ఇదిగో పదకొండోది, చూడండి అని, చీర కుచ్చిళ్ళు దోపుకుని మోకాళ్ళ మీద కూర్చున్నాను. కిటికీ మీది బండ అందించింది డాక్టరమ్మే. ఒకటి, రెండు, మూడు దెబ్బలు. నాలుగో దెబ్బకు ఆ చిన్న చప్పుడు వచ్చింది. ఆమె వేలిగోరు పెట్టి చూసింది, గోరు దిగలేదు.

"చెక్క విచ్చుకోదని నాకు చెప్పినవాళ్ళు ముగ్గురు ఉండారు," అన్నది ఆమె మా మాటలోనే. "విచ్చుకుంటే ఏం చెయ్యాల్నో చూపించినది నువ్వు ఒక్కదానివే. మా ఇంటి పనికి నువ్వే రావాల."

అదే సంగతి అణ్ణాచ్చికి తమిళంలో చెప్పింది. ఆయన కాఫీ తాగాడు, గ్లాసు కింద పెట్టాడు, మెట్లు దిగుతూ వెనక్కి తిరిగి, రేపటి నుంచి నువ్వు నమూనాల దగ్గర కూర్చోవద్దు అన్నాడు. నాలుగు మెట్లు దిగాక మిగతాది చెప్పాడు, ఇళ్ళకు వెళ్ళి పని చేయించు, ఇలాంటి ఫిర్యాదులు నా దగ్గర ఎనిమిది ఉన్నాయి, ఎవరికీ చెప్పుకోలేక కూర్చున్నాను అని. ఆ సాయంత్రం నాయన పుదూరికి ఫోను చేసి, మేడమీద పెయింటు పని అయిపోయింది, రమ్మని చెప్పాడు. అవ్వ ఆ రాత్రి అన్నంలోకి నాకు రెండు గరిటెల నెయ్యి ఎక్కువ పోసింది. (అబద్ధం బయటపెట్టింది తనేనన్న మాట ఈనాటికీ ఒప్పుకోదు.)

ఆ ఎనిమిది ఇళ్ళ సందులూ మూశాను. ఆ తర్వాత ఎన్ని మూశానో లెక్క లేదు. శివకాశిలో, కారియాపట్టిలో, ఎక్కడ చెక్క నేల విచ్చుకున్నా నాకే కబురు వచ్చేది. ఇప్పుడు నాకు సొంత పని ఉంది, నా కింద ఆరుగురు పనివాళ్ళు ఉన్నారు, అసలైన సుత్తులూ, పలకను పీల్చి పట్టుకునే రబ్బరు కప్పులూ ఉన్నాయి. నేను తలుపు దగ్గర కుర్చీ వేయించుకుని అక్కడ తట్టు, ఇక్కడ తట్టు అని చెబుతాను. మొన్న ఒక ఇంట్లో పెన్ను కింద పడితే, గోడ పట్టుకుని, అమ్మా అనుకుంటూ వంగి తీసుకున్నాను. ఆ ఇల్లుగల ఆవిడ జాలిపడి మంచినీళ్ళు తెచ్చింది. నెత్తిన తువ్వాలుతో వారం రోజులు గదంతా పాకిన ఆ పిల్ల గుర్తొచ్చి, ఆవిడ ముందే నవ్వేశాను. ఎందుకు నవ్వుతున్నానని అడిగితే, ఏమీ లేదు, మీ నేల చాలా బాగుందన్నాను.