మా అక్క దర్వాజలో చప్పుడు

ఎవరింటికి పోయినా ముందు దర్వాజను, అంటే తలుపు బిగించే చట్రాన్ని, వేలి కణుపులతో కొట్టి చూడడం నాకు అలవాటు. మర్యాదకు కాదు. చెద పట్టిన కర్ర డొల్లగా పలుకుతుంది, పట్టనిది గట్టిగా పలుకుతుంది. ఆ తేడా కనిపెట్టడమే నా బతుకుదెరువు. గద్వాల, ఇటిక్యాల, వడ్డేపల్లి చుట్టుపక్కల ఇళ్లల్లో చెదలకు మందు వేస్తాను. ఏడో తరగతిలో బడి మానేసినవాణ్ణి. నీ చదువేమైందిరా అని ఎవరైనా అడిగితే చెదలు తినిపోయాయని చెబుతాను. పెళ్లిచూపుల్లో కూడా అదే చెప్పాను. పిల్ల నవ్వింది, పిల్ల తండ్రి నవ్వలేదు. పెళ్లి మాత్రం అయింది.

నా నోటికి గొళ్లెం లేదని మా అక్క అంటుంది. ఎవరినీ వదలను. చావింట్లో కూడా ఎవరో ఒకరిని నవ్వించి తిట్లు తిన్న సందర్భాలున్నాయి. ఇన్నేళ్లలో అన్న ఎగతాళి మాటలన్నీ గాలికి పోయాయి. ఒక్కటి మాత్రం పోలేదు. అది వనపర్తిలో, మా అక్క ఇంటి దర్వాజ దగ్గర అన్నాను. దాన్ని వెనక్కి తీసుకోవడానికి నాకు ఎనిమిది నెలలు పట్టింది.

మా బావ వడ్రంగి. బడి మానేసి బలాదూరుగా తిరుగుతున్న నన్ను తెచ్చి దుకాణంలో కూర్చోబెట్టి చిత్రిక పట్టడం నేర్పింది ఆయనే. వాళ్లకు పిల్లలు లేరు. నన్ను పెంచాక ఇక పిల్లల మీద ఆశ చచ్చిపోయిందని బావ అందరి ముందూ అనేవాడు. నేనూ తక్కువ తినలేదు. బావాబామ్మర్దులం కదా, మా ఇద్దరికీ అన్నం కంటే ముందు వాదన అరగాలి.

మా వాదనల్లో ముఖ్యమైనది ఆ దర్వాజే. టేకు దుంగను కోస్తే నడుమ ఎర్రగా, నూనె పట్టించినట్టు ఉండేది చేవ. దాన్ని చెద ముట్టదు. అంచున తెల్లగా ఉండే కర్రకు చేవ ఉండదు, చెదకు అది బెల్లం ముక్క. మా బావ చేవ కర్రంతా పని చేయించుకోవడానికొచ్చే గిరాకీలకు వాడేవాడు. మిగిలిన తెల్ల ముక్కల్ని అతికించి తన ఇంటికి దర్వాజ చేసుకున్నాడు. పైన ఆకుపచ్చ రంగు కొట్టించాడు కాబట్టి ఎవరికీ తెలియలేదు. నాకు తెలుసు, రంగు వేసింది నేనే.

"ఏంది బావా, ఊరోళ్లకు చేవ, మా అక్కకు తొక్కనా?" అనేవాణ్ణి.

"మీ అక్కనే చేవగల్లది. మళ్ల దర్వాజకెందుకురా?" అనేవాడు. లోపలినుంచి అక్క, "ఇద్దరికీ నోర్లున్నయి, చేతులు లేవు" అనేది. బావ గొంతు తగ్గించి, "వానలు పడకముందే మారుస్త తియ్ బామ్మర్ది" అనేవాడు. వానలు పడేవి. మళ్లీ ఏడు వచ్చేది. ఆ మాట పదకొండు వానలు విన్నాను నేను.

బావకు ఒక పద్ధతి ఉండేది. పొద్దుగూకే వేళకు దుకాణం మూసి ఇంటికి వచ్చి, తలుపు బార్లా తెరిచి ఉన్నా సరే, దర్వాజను కణుపులతో రెండు దెబ్బలు కొట్టి బయటి అరుగు మీద కూర్చునేవాడు. నోరు తెరిచి ఏమీ అడిగేవాడు కాదు. ఆ రెండు దెబ్బలకు అక్క రెండు గ్లాసుల చాయ్ పట్టుకుని వచ్చేది. ఇద్దరూ తాగేవాళ్లు. ఏం మాట్లాడుకునేవాళ్లు కాదు. నేనుంటే నా సోది వినేవాళ్లు.

ఎండకాలం ఒకరోజు మధ్యాహ్నం బావ దుకాణంలో చిత్రిక పడుతూ పడుతూనే రంపపు పొట్టు మీద ఒరిగిపోయాడు. దవాఖానకు ఎత్తుకుపోయిన వాళ్లు ఆయన చేతిలోంచి చిత్రిక విడిపించడానికే కష్టపడ్డారట. నేను గద్వాలలో ఎవరింట్లోనో గోడకు బెజ్జాలు వేస్తున్నాను. డ్రిల్లు చప్పుడులో ఫోన్ మోగినా వినబడలేదు.

తొలి వానలు పడ్డాక అక్కను చూసిరావడానికి బండి మీద పోయాను. అప్పటికి మూడు నెలలైంది. అక్క అన్నం పెట్టేది, ఊడ్చేది, అడిగినదానికి జవాబు చెప్పేది. అంతే. మనిషి మాత్రం ఎక్కడో ఉన్నట్టుండేది. పొద్దున లేచి చూస్తే గడప నిండా ఉసిళ్ల రెక్కలు. ఉసిళ్లంటే రెక్కలొచ్చిన చెదలే. చిన్నప్పుడు అక్కా నేనూ ఆ ఉసిళ్లను చేటలో పట్టి, వేయించుకుని తిన్నాం. "మనం తిన్నదానికి ఇప్పుడు బదులు తీర్చుకుంటున్నయి అక్కా" అన్నాను. ఆమె రెక్కలు ఊడ్చుకుంటూ పోయింది.

రెక్కలు గడప దగ్గరే రాలాయంటే పురుగు ఇంట్లోనే ఉన్నట్టు. వెతికాను. దర్వాజ మూలన నేలలోంచి పెన్సిల్ మందాన మట్టి దారి ఒకటి పైకి ఎక్కి ఉంది. గోటితో గీకితే లోపల తెల్లగా కదిలాయి. అలవాటుగా దర్వాజను రెండు దెబ్బలు కొట్టి చెవి ఆనించాను. కర్రను కొడితే లోపలి చెదలు బెదిరి, తలలు కర్రకు బాదుకుంటాయి. ఎండిన నువ్వులు చేటలో జారినట్టు సన్నని చప్పుడు వస్తుంది. ఇల్లు నిశ్శబ్దంగా ఉంటే బాగా వినిపిస్తుంది. ఆ ఇల్లు చాలా నిశ్శబ్దంగా ఉంది.

అక్క చీపురు పట్టుకుని నిలబడింది. "ఏం ఇంటున్నవ్‌రా?"

"నువ్వు గూడ ఇను" అని ఆమె చెవి ఆనించేలా చేసి మళ్లీ రెండు దెబ్బలు కొట్టాను.

ఆమె మొహం మారింది. "ఏందిది?"

చెద అని చెప్పి ఉంటే సరిపోయేది. నా నోరు ఊరుకుంటుందా? "ఇంకెవరు, బావ. పెండ్లాన్ని ఇడిసిపెట్టినా కర్రను ఇడిసిపెట్టలేక వచ్చిండు. రెండు దెబ్బలు కొడితే పలుకుతుండు చూడు" అన్నాను.

అక్క నవ్వింది. మూడు నెలల తర్వాత అదే మొదటిసారి. పళ్లు కనబడేలా, కొంగు అడ్డం పెట్టుకుని నవ్వింది. ఆ రోజు నా దగ్గర మందు లేదు, వచ్చే నెల తెస్తానని చెప్పి బయలుదేరాను. పెబ్బేరు దాకా నాకు నేనే శభాష్ చెప్పుకుంటూ బండి నడిపాను.

వచ్చే నెల మందు, పంపు, డ్రిల్లు అన్నీ పట్టుకుని పోయాను. అక్క దర్వాజకు అడ్డంగా నిలబడింది.

"ఇప్పుడొద్దురా. ఉండనీ."

"ఉండనీయనీకి అది కిరాయిదారా అక్కా? ఇల్లు తింటది."

"తింటే తినని. నేనొక్కదాన్నే గద ఉండేది."

వాసన పడదనుకున్నాను. ఆ పై నెల పోతే ఒంట్లో బాగాలేదంది. ఆ తర్వాత శ్రావణం అంది, పెద్దల పక్షాలు అంది. దసరా దాటింది. మట్టి దారి పెన్సిల్ మందం నుంచి నా బొటనవేలంత అయింది. పై అడ్డకర్ర ఒక పక్కకు కుంగింది. తలుపు మూస్తే మూలన పొద్దు కనిపించేది.

పక్కింట్లో ఒక ఖాలా ఉంటుంది. బట్టలు కుడుతుంది. వాడకట్టంతా ఆమెను ఖాలా, అంటే పిన్నమ్మ, అనే పిలుస్తారు. రెండిళ్లకూ నడుమ ఒకటే గోడ. ఒకరోజు నేను బండి దిగుతుండగానే సైగ చేసి లోపలికి పిలిచింది. అల్మార తెరిచి చూపించింది. ఎవరివో పెళ్లి జాకెట్ల గుడ్డలు, మడతల నిండా మట్టి.

"అల్మారకేం కాలె బేటా, మీ బావ చేసిచ్చింది గద, చేవ కర్ర. ఎన్క నుంచి వచ్చి లోపటి బట్టలు తింటున్నయి. ఇగ నేనేం చెప్పాలె గిరాకీలకు?"

"అక్కకు చెప్పకపోయినవా ఖాలా?"

ఆమె అల్మార మూసింది. "ఎట్ల చెప్పాలె? రోజు సాయంత్రం దర్వాజను రెండుసార్లు కొట్టి చెవి పెట్టి నిలబడ్తది. ఆన్నే అరుగు మీద రెండు గ్లాసుల చాయ్ పెట్టుకుంటది. ఒకటి తాగుతది. రెండోది సల్లగైనంక అది గూడ తనే తాగుతది. నేను చూసి చూడనట్టు మిషన్ తొక్కుకుంట."

అలా కొట్టి చెవి ఆనించడం ఆమెకు నేర్పింది నేనే.

అక్కతో ఎలా మొదలుపెట్టాలో తెలియక ఇంకో రెండు నెలలు జరిపాను. ఆ లోపు బావ దుకాణం గది ఖాళీ చేయాల్సి వచ్చింది. పనిముట్లు సర్దుతుంటే అటక మీద, పాత గోనెసంచుల కింద మూడు టేకు కర్రలు కనబడ్డాయి. రెండు పొడుగువి, ఒకటి పొట్టిది. సరిగ్గా ఒక దర్వాజకు సరిపోయేవి. కొన నుంచి కొన దాకా ఎర్రగా చేవ, ఎక్కడా తెల్ల గీత లేదు. బావ ప్రతి కర్ర మీదా అది ఎవరిదో నీలం సుద్దతో రాసిపెట్టుకునేవాడు. సారుది, కొత్తకోటాయనది, మూల మీద దుకాణమామెది, అలా. వీటిమీద ఎవరి పేరుందా అని దుమ్ము తుడిచి చూశాను.

"ఇంటిది" అని ఉంది.

ట్రాలీ ఆటోలో వేయించుకుని నేరుగా అక్క దగ్గరికి తెచ్చాను. అరుగు మీద ఆనించాను. అక్క పదో తరగతి దాకా చదువుకుంది, నాలాగా చెదలకు వదిలేయలేదు. ఆ అక్షరాల ముందు కూర్చుని వేలు తగిలించకుండా చదివింది.

"ఇల్లు అనుకొని రాసిండా, నన్ను అనుకొని రాసిండా?" అని అడిగింది.

"రెంటికీ అవే అక్షరాలు అక్కా."

ఆమె కొంగుతో మొహం తుడుచుకుంది. నేను నేల చూస్తూ చెప్పాను. "అక్కా, ఆ దినం నేనన్న మాట ఎగతాళికి అన్నది. బావ కాదు. లోపలున్నయి చెదలు. కొడితే బెదురుకొని సప్పుడు చేస్తయి, అంతే."

"తెల్వదారా నాకు?" అంది. "రోజు మట్టి ఊడ్చేది నేనే గద. నువ్వు బడి ఇడిసిపెట్టినోనివి, నేను పిచ్చిదాన్ని కాదు."

"మరెందుకు మందు కొట్టనియ్యకపోతివి?"

"సప్పుడు ఉండె గద ఇంట్ల" అంది. "కొడితే పలికేది ఏదో ఒకటి ఉండె."

ఆ తర్వాత ఆమే ఖాలా సంగతి ఎత్తింది. ఆ గుడ్డలు తన వల్లే పాడయ్యాయని ముందే తెలుసట, రోజూ రేపు చెబుదామనుకునేదట. "రేపు వద్దు, ఇయ్యాల్నే తీసెయ్" అంది. నేను డ్రిల్లుకు వైరు తగిలిస్తుంటే ఒక్క నిమిషం ఆగమని సైగ చేసింది. దర్వాజ దగ్గరికి పోయి రెండు దెబ్బలు కొట్టి, కళ్లు మూసుకుని చెవి ఆనించింది. నేను అటు తిరిగి బకెట్లో మందు కలపడం మొదలుపెట్టాను. కలిసిన మందునే మళ్లీ మళ్లీ కలిపాను. చివరికి చెప్పుల చప్పుడు వినబడి చూస్తే ఆమె ఖాలా ఇంట్లోకి పోతోంది.

గునపం పెట్టి ఎత్తగానే పాత దర్వాజ రాలిపోయింది. లోపల కర్రే లేదు. గూళ్లు గూళ్లుగా మట్టి, పైన నేను కొట్టిన ఆకుపచ్చ రంగు. ఇన్ని రోజులూ ఆ ఇంటిని నిలబెట్టింది ఆ రంగు పొరే. గోడ పొడుగునా జానెడుకొక బెజ్జం వేసి మందు దింపాను, ఖాలా వైపు కూడా. బెజ్జాలు తెల్ల సిమెంటుతో మూశాను. వేలమంది ఇళ్లలో చేసిన పనే. చంపుతున్నానని నాకు అనిపించింది ఆ ఒక్కచోటే.

కొత్త దర్వాజ నేనే చేశాను, బావ ఉలితో. కుడివైపు కీలు దగ్గర కొంచెం సందు వచ్చింది. ఆయన చూస్తే బెత్తంతో కొట్టేవాడు. రాత ఉన్న వైపును అక్క గోడలోకి పోనివ్వలేదు, లోపలివైపుకు తిప్పించింది. రంగు వేయవద్దంది.

నెల తర్వాత ఒకరోజు పొద్దుగూకే వేళకు, చేసిన పని చూసుకోవడానికి పోయాను. ఏ ఇంట్లోనైనా చేసేదే. బండి ఆపి, అరుగెక్కి, వేరే ఏదో ఆలోచిస్తూ దర్వాజను రెండు దెబ్బలు కొట్టి చెవి ఆనించాను. గట్టిగా పలికింది. లోపల ఏ చప్పుడూ లేదు. పని బాగా అయినట్టు.

తల ఎత్తేసరికి అక్క వంటింటి గుమ్మంలో ఉంది. ఎప్పుడు పెట్టిందో, రెండు చేతుల్లో రెండు గ్లాసులు. పరుగున వచ్చినట్టుంది, ఒక గ్లాసులోంచి చాయ్ ఒలికి మణికట్టు మీదుగా కారుతోంది. నన్ను చూసి ఆగిపోయింది.

"నువ్వా" అంది.

"నేనే అక్కా."

గ్లాసు నా చేతికిచ్చి అరుగు మీద కూర్చుంది. నేనూ కూర్చున్నాను. చక్కెర ఎక్కువైంది. బావకు అలాగే కావాలి. నాకు అంత తీపి పడదు, అయినా అడుగు దాకా తాగాను.

ఇప్పుడు వనపర్తి పోయినప్పుడల్లా సందు మొదట్లోనే బండి ఆపి, "అక్కా, నేనే వస్తున్న" అని కేకేస్తాను. ఖాలా మిషన్ ఆపి, ఊరంతా వినబడాలె నీ రాకడ అని నవ్వుతుంది. నవ్వనీ. ఆ అరుగు ఎక్కేటప్పుడు మాత్రం రెండు చేతులూ జేబుల్లో పెట్టుకుంటాను.