ఇప్పుడే పాయె

మా జోగులమ్మ పెద్దమ్మ నోట ఎప్పుడూ ఒకటే మాట. "ఇప్పుడే పాయె." ఎలుగుబంటి వచ్చిందా అని అడగండి, ఇప్పుడే పాయె. నెమలి? ఇప్పుడే పాయె. కరెంటు, అచ్చంపేట బస్సు, పొయ్యి మీది పాలు, అన్నీ మనం అడగడానికి కాస్త ముందే పోయినవే. అలాంటి మనిషి అడవి జంతువులు చూడవచ్చే వాళ్ల కోసం విడిది ఇల్లు నడిపితే ఎలా ఉంటుందో మీరు ఊహించుకోవాలి. నాకా అవసరం లేదు, దగ్గరుండి అనుభవించాను.

ఆ ఇల్లు అమ్రాబాద్ దాటాక పెద్దమ్మ చేను అంచున ఉంది. ఇంటి ముందు గుట్ట, వెనక కుంట. హైదరాబాదులో క్యాబు నడిపి నడిపి విసుగెత్తి, రెండు గదులకు రంగులేసి అతిథులను పెడదామని పెద్దమ్మను ఒప్పించాను. వంట ఆమెది, మిగతా చాకిరీ నాది. ఇంటి వెనక వేపచెట్టు మీద మంచె కట్టించాను. మంచెక్కితే కుంట మొత్తం కనిపిస్తుంది. సాయంత్రం జంతువులు నీళ్లకు వస్తాయి, జనం చూసి మురిసిపోతారు, మళ్లీ మళ్లీ వస్తారు. ఇదీ నా ఉపాయం.

మంచె ఉంది కానీ నిచ్చెన ఎప్పుడూ ఉండేది కాదు.

"నిచ్చెన ఏది పెద్దమ్మా?"

"ఇప్పుడే పాయె. యేసయ్య పట్కపోయిండు."

"మేకలు కాసేటోనికి నిచ్చెన ఎందుకు?"

"మేక చెట్టెక్కిందంట, ఏం జేస్తడు మరి."

సాయంత్రమైతే చాలు, అతిథులందరినీ ముందు వరండాలో కూర్చోబెట్టి వేడివేడి మిరపకాయ బజ్జీలు పెట్టేది. పెట్టడమంటే అలా ఇలా కాదు, లేవబోయిన వాడి చేతిలో ఇంకో రెండు పడేవి. వెనక్కి వెళ్లే తలుపుకు అడ్డంగా పొయ్యి పెట్టుకుని తను కూర్చునేది. ఒకసారి సికింద్రాబాదు నుంచి వచ్చిన పెద్దాయన బైనాక్యులర్ మెడలో వేసుకుని, "ఎలుగుబంటి కనిపిస్తుందన్నారు కదమ్మా?" అని అడిగాడు.

"ఒచ్చింది బిడ్డా. ఇప్పుడే పాయె. నల్లగ, ఇంత లావు ఉండె. రొమ్ము మీద తెల్లపట్టె. కుంటల నీళ్లు తాగి గా గుట్ట దిక్కు పాయె," అంటూ గరిటెతో గుట్టను చూపించింది. ఎవరడిగినా గుట్టనే చూపించేది. పాపం ఆయన చీకటి పడేదాకా గుట్టను చూసి, బజ్జీలు తిని, కడుపు పట్టుకుని పడుకున్నాడు.

జంతువులే కాదు, ఇంట్లో వస్తువులు కూడా పోయేవి. అతిథుల స్నానాలగదిలో కొత్త సబ్బు పెడితే మర్నాటికి ఉండదు. "ఎల్కలు," అనేది పెద్దమ్మ. మధ్యాహ్నం కుండెడు మజ్జిగ ఉంటుంది, పొద్దుగూకేసరికి అడుగు కనిపిస్తుంది. "పిల్లి," అనేది. కుండెడు మజ్జిగ తాగే పిల్లి దొరికితే ఎలుగుబంటి బదులు దాన్నే చూపించుకోవచ్చని నాకు అనిపించేది.

ఫోనుల్లో మా ఇంటి గురించి జనం రాసేవి చదివితే నాకు అన్నం దిగేది కాదు. "బజ్జీలు చూశాం, జంతువులను చూడలేదు," అని ఒకరు. "ఎలుగుబంటి పోయిందట. మేమూ పోయాం," అని ఇంకొకరు.

ఇలా ఉండగా హైదరాబాదులో అడవి యాత్రలు నడిపే ఒక కంపెనీ నుంచి హరీష్ అనే ఆయన మా ఇల్లు చూడటానికి వస్తానన్నాడు. వాళ్లకు నచ్చితే ఏడాది పొడవునా అతిథులను పంపుతారు. నచ్చకపోతే ఇంటికి తాళం, నాకు మళ్లీ క్యాబు. "సాయంత్రం మంచె మీద నుంచి ఒక్క జంతువైనా కనిపించాలి," అని ఫోనులోనే ఖాయంగా చెప్పేశాడు.

"పెద్దమ్మా, నీకు దండం పెడ్త. గీ ఒక్కనాడు ఆ మాట అనకు," అని బతిమాలాను.

"నేనెందుకంట రా జగ్గిగా? ఉంటె ఉన్నదంట, పోతె పాయె అంట," అంది.

హరీష్ వచ్చాడు. ఆయన కెమెరాకున్న గొట్టం మా ఇంట్లో రోకలంత ఉంది. పెద్దమ్మ ఆయన్ని బిడ్డా బిడ్డా అంటూ వరండాలో కూర్చోబెట్టి బజ్జీల పని మొదలుపెట్టింది. నేను ముందు రోజే పక్క ఊరి నుంచి నిచ్చెన తెచ్చి గడ్డివాములో దాచిపెట్టాను. పెద్దమ్మ రెండో వాయి నూనెలో వేయగానే ఆయనకు సైగ చేశాను. ఇద్దరం ఇంటి పక్కనుంచి చుట్టుతిరిగి వెళ్లి మంచెక్కాం.

హరీష్ గొట్టం కుంట వైపు తిప్పాడు. "తుప్పల వెనక ఏవో కదులుతున్నాయి జగదీశ్ గారూ. ఒకటి కాదు, గుంపు," అన్నాడు మెల్లగా. నా ప్రాణం లేచి వచ్చింది.

కింద నుంచి గొంతు వినిపించింది. "సారూ, ఇప్పుడే పాయె."

"లేదమ్మా, ఉన్నాయి."

"పాయె అంటున్న గద."

ఆ తరువాత నిచ్చెన కిర్రుమంది. బస్సు మెట్టెక్కాలంటే అమ్మో అయ్యో అనే పెద్దమ్మ, భుజాన గొంగడేసుకుని మంచెక్కి వస్తోంది. నేను నోరు తెరిచేలోపే ఆ గొంగడి కెమెరా మీద, హరీష్ మీద, నా మీద పడింది. లోపలంతా చీకటి.

"ఇద్దరు గుట్ట దిక్కు తిరుగుండ్రి," అంది పెద్దమ్మ. మేం తిరిగాం. ఆ గొంతు వింటే పులైనా తిరుగుతుంది.

"గవి జంతువులు కావు సారూ. మా రూతమ్మ వాళ్లు. పొద్దంత మిరప తోటల కాయ తెంపి ఒస్తరు. ఒళ్లంత మంట. గా చేతులతోని ఇంటికి పోయి పసిపిల్లను ఎట్ల ఎత్తుకుంటరు? కాలనీల నల్లా వస్తె వచ్చినట్టు, లేకుంటె లేదు. గందుకే గీ కుంటల స్నానం చేసి పోతరు. గీ పొద్దుకు మా ఊరి మగోళ్లు ఒక్కరు గీ బాట తొక్కరు."

"మరి నాకు ముందే చెప్పొచ్చు గద పెద్దమ్మా," అన్నాను గొంగడిలోంచి.

"ఆడోళ్లు స్నానం చేస్తుండ్రు, అటు చూడకుండ్రి అంటె నీ అతిథులు ఎటు చూస్తరు రా?"

నేను గొంగడిని ఇంకాస్త కిందికి లాక్కున్నాను.

"ఎలుగు పాయె అంటె ఎవ్వరు చూడరు."

"సబ్బులు?"

"సబ్బు లేకుండ ఘాటు పోతదా?"

"మజ్జిగ?"

"మంటకు రాసుకుంటరు."

"మన నిచ్చెన?"

"కట్టెల కింద ఉన్నది తియ్."

హరీష్ చేతులతో తడిమి కెమెరాకు మూత పెట్టేశాడు. "తప్పయిందమ్మా," అన్నాడు.

"నీకు తెల్వదు గద బిడ్డా," అని గొంగడి తీసి భుజాన వేసుకుని దిగిపోయింది పెద్దమ్మ. ఎందుకైనా మంచిదని నిచ్చెన కూడా తీసుకుపోయింది.

బడిలో తప్పు చేసిన పిల్లల్లా ఇద్దరం గుట్ట వైపు ముఖం పెట్టి కూర్చున్నాం. వెనక కుంట దగ్గర నవ్వులు వినిపిస్తున్నాయి. రూతమ్మ గొంతు అన్నిటికంటే పెద్దది. "జోగులమ్మక్కా, ఇయ్యాల నీ ఎలుగులు మంచెక్కినయా?" అని అరిచింది. నాకు సిగ్గుతో చెవులు వేడెక్కాయి. ఇల్లు మూతపడ్డట్టే అనుకున్నాను. అయినా పెద్దమ్మ మీద కోపం రాలేదు, పైగా ముద్దొచ్చింది.

అప్పుడు హరీష్ నా మోకాలు గట్టిగా పట్టుకున్నాడు. గుట్ట కింద చెదలపుట్ట దగ్గర నల్లటి ఆకారం. రొమ్ము మీద తెల్లపట్టె. ఎలుగుబంటి. వీపు మీద చిన్న పిల్ల, తల్లి బొచ్చు పట్టుకుని గుర్రమెక్కినట్టు కూర్చుంది. తల్లి పుట్ట తవ్వుకుని, చెదలు జుర్రుకుని, తీరిగ్గా తల ఎత్తి మా వైపు చూసింది. హరీష్‌కు కెమెరా గుర్తొచ్చి మూత లాగేసరికి తల్లీపిల్లా బండల్లోకి వెళ్లిపోయాయి.

కుంట దగ్గర సందడి అణిగాక పెద్దమ్మ నిచ్చెన తెచ్చి వేసింది. హరీష్ సగం మెట్ల మీదే ఆగి, "అమ్మా, ఎలుగుబంటి! వీపు మీద పిల్ల కూడా! ఆ గుట్ట దగ్గర," అన్నాడు.

పెద్దమ్మ గుట్ట వైపు చూసింది. "ఏది?"

"ఇప్పుడే పోయిందమ్మా."

పెద్దమ్మ ఆయన్ని చూసింది, నన్ను చూసింది. "నాకే చెప్తుండ్రా?" అంది. ఇప్పటికీ ఆమె నమ్మలేదు.

కంపెనీ మా ఇంటిని ఒప్పుకుంది. హరీష్ చెప్పినట్టే మంచెను ఇంటి ముందుకు మార్చి గుట్ట వైపు తిప్పాను, కుంట వైపు నిలువెత్తు తడక కట్టాను. అతిథులు ఎలుగును అప్పుడప్పుడు చూస్తున్నారు, బజ్జీలను రోజూ చూస్తున్నారు.

మిరప ఏరే కాలం వస్తే హైదరాబాదు నుంచి హరీష్ పంపే పెట్టె ఒకటి వస్తుంది. నిండా సబ్బులు. పైన "ఎలుగులకు" అని రాసి ఉంటుంది. అతిథుల గదిలోకి ఒక్క సబ్బు తీసుకుందామని నేను వంటింట్లోకి వెళతాను.

"పెట్టె ఏది పెద్దమ్మా?"

పెద్దమ్మ బజ్జీల పిండి కలుపుతూ తలెత్తకుండానే అంటుంది.

"ఇప్పుడే పాయె."